ఒక్క మ్యాచ్ కూడా ఆడించని హెడ్ కోచ్

హార్లన్ వెసెలీని మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్‌ని చేశారన్న కబురు వచ్చినప్పుడు నేను బస్సు కింద వెల్లకిలా పడుకుని గ్రీజు పెడుతున్నాను. జట్టు బస్సు నడిపేది నేనే. కబురు తెచ్చినవాడు అదేదో వింతలా నవ్వుతూ చెప్పాడు. నేను పాక్కుంటూ బయటికొచ్చి, "ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందన్నమాట వాళ్లకి," అన్నాను. వచ్చింది బుద్ధి కాదని ఆ వేసవి దాటకముందే తెలిసింది.

మా క్లారెన్స్‌బర్గ్‌లో చూడ్డానికి రెండే ఉన్నాయి. ఒకటి మొక్కజొన్న నిలవచేసే గోదాము, రెండోది కాలేజీ స్టేడియం. హార్లన్ ఈ రెంటి మధ్యే పుట్టి పెరిగాడు. నాన్నది పొలం. చదివింది ఈ కాలేజీలోనే, ఆడింది ఈ జట్టుకే. మెడా తలా ఒకే లావు. అరిచి అరిచి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. మాది సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని బంతి చేత్తో పట్టుకు దూసుకుపోయే ఆట. ఆడటం మానేశాక లైన్ కోచ్ అయ్యాడు. అంటే బంతి ముట్టుకునే భాగ్యం లేకుండా, ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని గుద్ది ఆపే భారీ కుర్రాళ్లకి గురువు. పేపర్లో వాళ్ల ఫొటోలు రావు. వాళ్లకీ, వాళ్ల గురువుకీ ఊళ్లో పేరుండదు.

హెడ్ కోచ్ వెళ్లిపోయినప్పుడల్లా కొత్తవాడు దొరికేదాకా జట్టుని హార్లనే చూసేవాడు. దొరికాక, ఆ వచ్చినవాడి పెట్టెలు మోసి, ఆఫీసులో సర్దిపెట్టి, మళ్లీ తన లైన్ కుర్రాళ్ల దగ్గరికి పోయేవాడు. పెళ్లి వాళ్లకి తోడుపెళ్లికొడుకు ఎంతో, మా కాలేజీకి హార్లన్ అంత. ఒకసారి జుట్టుకి జెల్లు రాసుకున్న ఒకాయన వచ్చాడు. పెద్ద కాలేజీ ఒకటి ఈలవేయగానే తోకాడించుకుంటూ పోయాడు. ఇంకోసారి, కోచ్‌ల్ని వెతికిపెట్టే కంపెనీకి పని అప్పజెప్పారు. వాళ్లు పంపినాయనకి ఊళ్లో చలికాలం ఉంటుందని ఎవరూ చెప్పలేదు కాబోలు, మొదటి మంచుకే మాయమయ్యాడు. చివరివాడు పోతూ పోతూ మిగతా కోచ్‌లందర్నీ వెంటబెట్టుకుపోయాడు. హార్లన్‌ని మాత్రం పిలవలేదు.

అప్పుడు పిలిచాడు కాలేజీ ప్రెసిడెంట్ గ్రాంట్ ఓగిల్వీ. ఈ ఓగిల్వీ ఎలాంటివాడో ఒక్క ముక్కలో చెబుతాను. మనతో చెయ్యి కలిపేటప్పుడు మన భుజం మీదుగా వెనక ఇంకెవరైనా ముఖ్యమైనవాళ్లున్నారేమోనని చూస్తాడు.

ఆ రోజు జరిగింది హార్లనే నాకు కెఫేలో చెప్పాడు.

"హార్లన్, హాస్టల్ గదులు ఖాళీగా ఉన్నాయి," అన్నాడట ఓగిల్వీ. "నువ్వు కుర్రాళ్లని తేవాలి. ఎంతమందైనా సరే."

"ఫీల్డ్ మీద ఆడేది పదకొండుమందే గదండీ. బెంచీ మీదవాళ్లని కలిపినా..."

"ఆడించమని నేనెక్కడన్నాను? చేర్చమంటున్నాను."

మాలాంటి చిన్న కాలేజీలో ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వరు. వచ్చే ప్రతి కుర్రాడూ ఫీజు కట్టాలి. యూనిఫాం తొడుక్కుని సీజనంతా గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టడానికి వాళ్ల అమ్మానాన్నలు అప్పుచేయాలి. అదీ పథకం. బయటినుంచి వచ్చిన కోచ్‌లెవరూ దీనికి ఒప్పుకోకే హార్లన్‌ని పిలిచారని నాకు తర్వాత తెలిసింది.

హార్లన్ ఒక్కటే అడిగాడు. దెబ్బ తగిలినా, వడదెబ్బ కొట్టినా చూసుకునే ట్రైనర్ కాలేజీ మొత్తానికి ఒక్క రెనీయే ఉంది. ఫుట్‌బాల్‌కి విడిగా ఇంకొకరు కావాలి. ట్రైనర్ లేకుండా ఏ రోజూ ప్రాక్టీసు జరగకూడదు.

"అదెంత పని! అయిపోయిందనుకో," అని ఓగిల్వీ చెయ్యి కలిపాడు.

"కాగితం మీద రాయించుకున్నావా?" అన్నాను నేను.

"చెయ్యి కలిపాడు కదరా గస్."

"వాడు రోజంతా చేసే పనే అది!"

హార్లన్ కాఫీ కలుపుకుంటూ కూచున్నాడు. వాడికా ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఇంటికెళ్లి భార్య మార్లిస్‌కి విషయం చెప్పకుండా ముందు గడ్డి కోసే మిషను తీసి పెరడంతా కోశాడట. మార్లిస్ గుమ్మంలో నిలబడి, "ఇచ్చారా ఏంటి?" అంది. వాడు తలూపాడు. "మరి ఆ మొహమేంటయ్యా, ఎవరో పోయినట్టు?" అంది.

వసంతమంతా వాడు ఊళ్లు పట్టుకు తిరిగాడు. తల్లుల వంటిళ్లలో కూచుని, వాళ్లు పెట్టింది తిని, మీవాణ్ణి మాకివ్వండని అడిగాడు. హ్యూస్టన్‌లో రొషెల్ టోలివర్ అనే ఆవిడ ఇంటికి వెళ్లాడు. ఆమె కొడుకు ఇసాయా గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు, అంత ఆకారం. మనిషి మాత్రం వెన్న. ఆవిడ ఆటగురించి ఏమీ అడగలేదు. వేయించిన చికెనూ చిక్కుళ్లూ వడ్డించి, "వీడికి ఎండ పడదు కోచ్ గారూ. చిన్నప్పుడోసారి కళ్లు తిరిగి పడిపోయాడు. అక్కడ చూసుకోడానికి ఎవరన్నా ఉంటారా?" అంది.

"ఉంటారమ్మా. ఇద్దరుంటారు," అన్నాడు హార్లన్. అబద్ధమని వాడికి తెలీదు.

మాకు ఎండలు మండే ఆగస్టు వచ్చింది. కుర్రాళ్లు వచ్చారు. లాకర్లు చాలక సగంమంది బట్టలు మెట్ల మీద పెట్టుకున్నారు. రెండో ట్రైనర్ మాత్రం రాలేదు. ఆటల విభాగానికి పెద్ద క్రెయిగ్ టానహిల్‌ని హార్లన్ అడిగినప్పుడల్లా, "కమిటీ చూస్తోంది కోచ్," అనేవాడు. ఆ కమిటీకి కళ్లున్నాయో లేదో ఎవరికీ తెలీదు.

కానీ ఒకటి వచ్చింది. గాలి కొడితే ఉబ్బే రబ్బరు తల, మా జట్టు గుర్తైన అడవిదున్నది. ఇల్లంత. మ్యాచ్ రోజున మా కుర్రాళ్లు ఆ దున్న నోట్లోంచి పరిగెత్తుకు రావాలట, ముక్కుల్లోంచి పొగ రావాలట. విరాళం ఇచ్చినాయన పేరు కొమ్ముల మీద రాసుంది. దానికి గాలి కొట్టి చూసిన రోజు ఓగిల్వీ చప్పట్లు కొడుతూ, "ఇదీ సపోర్ట్ అంటే!" అన్నాడు. నేను పక్కకి తిరిగి ఉమ్మేశాను.

హార్లన్ రైతు సామాన్ల కొట్టుకెళ్లి, పశువులు నీళ్లు తాగే పెద్ద రేకు తొట్టి కొనుక్కొచ్చి ఫీల్డ్ పక్కన వేశాడు. వడదెబ్బ తగిలితే ముందు మనిషిని చన్నీళ్లలో ముంచాలని రెనీ కోచ్‌లందరికీ చెప్పి ఉంది. పొద్దున్నే నేనూ హార్లనూ కాలేజీ వంటగదినుంచి బకెట్లతో ఐసు మోసేవాళ్లం. వంటామె, "నా కూల్‌డ్రింకులకి మిగుల్చుతారా లేదా?" అని గొణిగేది.

ఒకరోజు ఆడపిల్లల సాకర్ జట్టుతో పాటు రెనీని వేరే ఊరు పంపించారు. పొద్దున్నే తెలిసింది. హార్లన్ వెంటనే టానహిల్‌కి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇవాళ ప్రాక్టీసు లేదండీ. ట్రైనర్ లేదు."

"హార్లన్, హార్లన్, ఇవాళ విరాళాలిచ్చేవాళ్లు చూడ్డానికొస్తున్నారు. టెంట్ వేయించాం, భోజనాలు చెప్పాం. కాసేపు అటూ ఇటూ పరిగెత్తించు చాలు. ఏమవుతుంది?"

హార్లన్ ఫోన్ పెట్టేసి ఆకాశం వంక చూశాడు. ఆపేయాల్సింది. ఆ మాట తర్వాత వాడే చాలాసార్లన్నాడు. ఆపలేదు. హెల్మెట్లు తీయించాడు, గుద్దుకోడాలు వద్దన్నాడు, మాటిమాటికీ నీళ్లు తాగించాడు. అయినా మొక్కజొన్న చేల మీదనుంచి ఆవిరి వచ్చి మొహానికి తడిగుడ్డలా అంటుకుంటున్న రోజది.

ఇసాయా ముందు నడకలో తడబడ్డాడు. తర్వాత హార్లన్ దగ్గరికొచ్చి, "అమ్మా, తలుపు తియ్యవే," అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. హార్లన్ నవ్వలేదు. వాడి చంకలో చెయ్యి వేసేలోపే ఇసాయా కూలిపోయాడు.

నలుగురం పట్టుకుంటే గాని లేవలేదు. తొట్టిలో దింపాం. హార్లన్ బూట్లతో సహా తొట్టిలోకి దూకి, ఇసాయా తలని గుండెకి ఆనించుకుని కూచున్నాడు. "గస్, ఐసు! ఇంకా! ఇంకా పొయ్యి!" అని అరుస్తున్నాడు. ఆ బొంగురు గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఒక కుర్రాడు అంబులెన్సుకి ఫోన్ చేశాడు. టెంట్ కింద విరాళాలవాళ్లు శాండ్‌విచ్‌లు పట్టుకుని లేచి నిలబడ్డారు. టానహిల్ పరిగెత్తుకొచ్చాడు. వచ్చి అతనన్న మొదటి మాట: "ఎవరూ వీడియోలు తియ్యొద్దు!"

ఇసాయా బతికాడు. ఆ తొట్టే బతికించిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో హార్లన్, నేను కూచున్నాం. వాడి బట్టలు ఒంటిమీదే ఆరిపోయాయి. ఓగిల్వీ తెల్లపూల గుత్తితో వచ్చాడు. బతికున్నవాడికి ఆ పూలేమిటో! హార్లన్ పక్కన కూచుని గొంతు తగ్గించాడు.

"వాళ్లమ్మ వస్తోంది. నిన్నే అడుగుతుంది. ట్రైనర్ ఉందని చెప్పు."

"లేదు కదా."

"కాలేజీలో పనిచేస్తోందా లేదా? ఆ లెక్కన ఉన్నట్టే కదా."

హార్లన్ అతని వంక చూశాడు. కాలికి అంటిన పేడని చూసినట్టు చూశాడు. "లేచి అవతలికి పొండి," అన్నాడు. ప్రెసిడెంట్‌ని ఒక కోచ్ అలా అనడం నేను చూడ్డం అదే మొదలు. ఓగిల్వీ పూలు కుర్చీలో పెట్టి పోయాడు. వాటిని నేను తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాను.

రొషెల్ వచ్చింది. చేతిలో సంచి కూడా దించలేదు.

"ట్రైనరేడీ?" అంది.

"లేదమ్మా. వేరే ఊరు పంపించారు."

"ఇద్దరుంటారన్నావు. నా వంటింట్లో కూచుని, నా చేతి తిండి తింటూ చెప్పావు."

"చెప్పానమ్మా."

"అప్పుడు తెలుసా నీకు, లేరని?"

"అప్పుడు తెలీదు. ఇవాళ పొద్దున తెలుసు."

ఆవిడ సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "పక్కకి జరుగు. నా బిడ్డని చూసుకోవాలి," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున హార్లన్ కుర్రాళ్లని మెట్ల మీద కూచోబెట్టి, నిన్న తను చేసిన తప్పేమిటో దాచకుండా చెప్పాడు. రెండో ట్రైనర్ వచ్చేదాకా ప్రాక్టీసు లేదన్నాడు. మధ్యాహ్నానికల్లా వాడి ఉద్యోగం ఊడింది. కుటుంబంతో గడపాలని హార్లన్ వెసెలీ తనంతట తానే తప్పుకున్నాడని కాలేజీ ప్రకటించింది. అది రేడియోలో విని మార్లిస్, "నాతో గడపాలని నువ్వు తహతహలాడుతున్నావని నాకు తెలియనేలేదే!" అంది. నవ్వబోయి ఏడ్చింది.

ఇక్కడిదాకా ఓగిల్వీ సంగతి. అతనలాంటివాడే, అతని మీద నాకు ఆశలేమీ లేవు. నాకు ఒళ్లు మండింది మా ఊరివాళ్లని చూస్తేనే. వారం తిరక్కుండా కొత్త కోచ్‌ని తెచ్చారు. బ్రోడీ కెసింజర్. తెల్లటి పళ్లు, బిగుతు చొక్కా. చర్చి హాల్లో పాన్‌కేకుల టిఫిను పెట్టి పరిచయం చేశారు. ఉద్యోగం పోయినప్పుడు హార్లన్ ఇంటికొచ్చి వాడి వీపు తట్టి, "మగాడివిరా!" అన్నవాళ్లంతా అక్కడున్నారు. కెసింజర్ లేచి, "కష్టమొచ్చినప్పుడే కుటుంబం బలపడుతుంది," అనగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గడ్డాల మీద పాకం కారుతూనే ఉంది. నేను నా పళ్లెం అలాగే వదిలేసి బస్సు తాళాలు టానహిల్ ముందు పెట్టి వచ్చేశాను.

తర్వాత ఇన్సూరెన్సువాళ్లు పట్టుబడితే నెల తిరక్కుండా ఇద్దరు ట్రైనర్లని తెచ్చారు. పిల్లల క్షేమమే తనకి ముఖ్యమని ఓగిల్వీ ప్రసంగించాడు. రొషెల్ లాయరుని పెట్టింది. కాలేజీ రాజీ చేసుకుంది. ఇసాయా తేరుకుని ఇంటికెళ్లి అక్కడే ఏదో కాలేజీలో చేరాడు, ఆట మానేశాడు.

సెప్టెంబరులో ఒకరోజు నేను హార్లన్ ఇంట్లో ఉండగా కెసింజర్ వచ్చాడు. మార్లిస్ టొమాటోలు ఉడకబెట్టి సీసాలకెత్తుతోంది. హార్లన్ తొక్కలు తీస్తున్నాడు. కెసింజర్ కాలేజీ టోపీ ఒకటి కానుకగా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కోచ్, మా లైన్ కుర్రాళ్లకి మీరు కావాలి. ఈ ఏడాదికి జీతం ఉండదనుకోండి. సేవలా చేద్దురు. మీ మనసంతా అక్కడే ఉంటుందిగా!"

హార్లన్ తొక్క తీయడం ఆపలేదు. "వచ్చే ఏడాదికి ఎంతమందిని తెమ్మన్నారు నిన్ను?"

"ఈసారికంటే ఎక్కువ!" అన్నాడు కెసింజర్ హుషారుగా. "గదులింకా ఉన్నాయట."

"ఆ టోపీ తీసేయ్ నాయనా. అక్కడ టొమాటోలు పెట్టాలి," అంది మార్లిస్. గరిటె ఆమె చేతిలో పొగలు కక్కుతోంది.

కెసింజర్ నవ్వుతూనే టోపీ తీసుకున్నాడు, నవ్వుతూనే మెట్లు దిగాడు. కారు మలుపు తిరిగాక హార్లన్, "మంచి కుర్రాడే. వీణ్ణి కూడా నాశనం చేస్తారు," అన్నాడు. నాకైతే అంత దయ కలగలేదు.

ఇప్పుడు హార్లన్ గోదాములో పనిచేస్తున్నాడు. నేను మొక్కజొన్న లారీ తోలుతున్నాను. మొన్న శనివారం లోడు దించడానికి వెళితే స్టేడియం మైకు అక్కడిదాకా వినిపిస్తోంది. రబ్బరు దున్న నోట్లోంచి కుర్రాళ్లు వస్తున్నారు కాబోలు, జనం కేకలు వేస్తున్నారు. "స్కోరు వింటావా, లారీలో రేడియో ఉంది," అన్నాను. హార్లన్ గోడ దగ్గరికెళ్లి, గింజలు ఆరబెట్టే పెద్ద ఫ్యాను మీట వేశాడు. ఆ హోరులో ఇక ఏమీ వినపడలేదు. వాడు చేత్తో సైగ చేశాడు, లారీ వెనక్కి రానిమ్మని.