ఊటీ ట్రౌట్‌కు చోరనూరు మీదుగా దారి

బళ్ళారి నుంచి ఊటీకి పోదలచినవాళ్ళు మామూలుగా బెంగళూరు రైలు ఎక్కుతారు. నేను మాత్రం చోరనూరు బస్సు ఎక్కవలసి వచ్చింది. కారణం మా ఆవిడ సునంద.

ఊటీ వైపు చల్లటి ఏళ్ళలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. మేఫ్లై అని ఒక రెక్కల పురుగు ఉంది. దాని పిల్ల నీళ్ళలో రాళ్ళ కింద బతుకుతుంది. ట్రౌట్‌కు ఆ పిల్లపురుగంటే ప్రాణం. గాలానికి దారం చుట్టి అచ్చం ఆ పురుగులాగే తయారుచేసే విద్యను ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. కౌల్ బజార్‌లో జీన్స్ కుట్టేచోట నేను కటింగ్ మాస్టర్ని, నాకు దారాలకు కొదవా? ఖాకీ గుడ్డ నూగుతో ఒళ్ళు, నాటుకోడి ఈకతో తోక, మోటార్లు బాగుచేసే షాపులో అడుక్కున్న రాగితీగతో నడుముకు చుట్లు. ఆరు పురుగులు తయారయ్యాయి. బురద రంగు అచ్చుగుద్దినట్టు కుదిరింది. చూసుకుంటుంటే నాకే ముద్దొచ్చేవి. అయిదు డబ్బాలో పెట్టి, ఒకదాన్ని షోకుకు టోపీకి గుచ్చుకున్నాను.

ఊటీ మాట ఎత్తగానే సునంద తేల్చేసింది.

"ముందు మా చోరనూరు చెక్‌డ్యాంలో దీంతో ఒక్క చేప పట్టి మా నాయనకు చూపిచ్చు. పడితే ఊటీకి పో. పడకపోతే ఈ దారాలు, ఈకలు అన్నీ మూటగట్టి అటకెక్కిస్తా."

ఆదివారం పొద్దున ఆరు గంటలకు బయలుదేరాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఉచిత ప్రయాణికురాలికి కిటికీ సీటు దొరికింది. టికెట్ కొన్న నేను సండూరు దాకా నిలబడ్డాను. సండూరు స్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్ళు తప్పక తినండి. కానీ ముందున్న గతుకులను తలుచుకుని ఒక్క ప్లేటుతో ఆపండి. నేను ఆపలేదు.

రెండో బస్సులో సీటు దొరికింది. పక్కన కూర్చున్న పెద్దాయన నా డబ్బాలోకి తొంగిచూశాడు.

"ఏందప్పా ఇవి, పురుగులా?"

"కాదు పెద్దాయనా, పురుగుల బొమ్మలు. చేపలకు."

"నిజం పురుగులు తడిమట్టిలో సుమ్నె, ఊరికేనే దొరుకుతాయి గదప్పా!" అని ఆయన బండ్రిలో దిగేదాకా నా వైపు జాలిగా చూస్తూనే ఉన్నాడు.

పదిగంటలకల్లా అత్తగారింట్లో ఉన్నాం. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. లారీ అయినా మిక్సీ అయినా, కొత్తగా వచ్చిన వస్తువు పసుపు కుంకుమ పడనిదే పని మొదలుపెట్టదు. నేను కాళ్ళు కడుక్కుని కాఫీ తాగి వచ్చేసరికి దేవుడి గూటి ముందు నా డబ్బా తెరిచి ఉంది. అయిదు పురుగులూ వరసగా పసుపు ముద్దలో కూర్చుని, నడుమున కుంకుమ బొట్లతో, ఊదుబత్తి పొగలో వెలిగిపోతున్నాయి. పక్కన నిమ్మకాయ కూడా.

"అత్తా, ఏంది ఇది! చేప దీన్ని చూసి పురుగనుకోవాల!"

"ఊరుకో నాయనా. ఇనుప సామాను గదా, పూజ జెయ్యకుండా యాడికి పట్టుకపోతావు?"

కొళాయి కింద కడిగాను. నూలు గుడ్డ రంగును ఎట్లా తాగుతుందో రోజూ చూసేవాణ్ణి, అయినా ఆశ. కడిగేకొద్దీ పసుపు ఇంకా నిగ్గుతేలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మామ వచ్చి చూసి, "పసుపు పట్టిచ్చేది చేపకప్పా, గాలానికి గాదు!" అని పొట్టపట్టుకుని నవ్వాడు.

అందరం చెక్‌డ్యాంకు నడిచాం. ఈ పురుగును పారే నీటికి ఎగువన వేసి, మునగనిచ్చి, దాని మానాన కొట్టుకురానివ్వాలి. దారం ఎక్కడైనా చటుక్కున ఆగితే గాలం గడ లేపాలి. పసుపుదాన్నే వేశాను, ఉత్తగా కొట్టుకొచ్చింది. మళ్ళీ వేశాను, మళ్ళీ కొట్టుకొచ్చింది. ఒడ్డున సునంద చీర కొంగుతో విసురుకుంటూ, "అటక ఖాళీగానే ఉండాది" అంది.

అప్పుడు దారం ఆగింది!

గడ లేపాను. అరచేయంత జిలేబి చేప గాలిలో గిలగిలలాడుతూ నా చొక్కా మీద పడింది. పెళ్ళిపీటల మీద కూడా నాకు అంత సంతోషం కలగలేదు. సునంద ఎదురుగానే ఆ మాట అనేశాను కూడా. మామ చేపను తిప్పితిప్పి చూసి, "చేపేనప్పా" అని తీర్పు చెప్పాడు. ఊటీ నా చేతిలో పడింది.

అక్కడితో గడ మడిచి ఉంటే ఈ కథ వేరే. కానీ అత్త, "చూస్తివా, పూజ మహిమ!" అంది. నాకు పౌరుషం వచ్చింది. టోపీకి గుచ్చిన ఆరోదానికి పసుపు అంటలేదు గదా, అదే కట్టి నిరూపిస్తానన్నాను. మధ్యాహ్నం భోజనం మానుకుని మరీ వేశాను. ఒక్క చేపైనా మూతి పెట్టలేదు. అలిగి దాన్ని మళ్ళీ టోపీకి గుచ్చి, పసుపుదాన్ని కట్టగానే ఇంకో జిలేబి పడింది.

సాయంత్రం తిరుగు బస్సులో ముగ్గురం ఉన్నాం. సునంద పాత షరతుకు కొత్తది చేర్చింది: ఊటీకి అమ్మను కూడా పిల్చుకపోవాల. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. చోరనూరు నీళ్ళు మంచివి, మనుషులు మంచివాళ్ళు, పందెం కాయకుండా వెళ్ళిరండి, ఇదే నేను చెప్పేది.

నా పక్కన అత్త ఒడిలో పసుపు డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"ఊటీలో చలి ఎక్కువంట గదా నాయనా? ఆడిదాకా గూడా మాకు బస్సు ఉచితమేనా?" అని అడిగి, నా తల వైపు చూసి చెయ్యి చాపింది. "ఆ ఒక్కదాన్నీ గూడా ఇట్లియ్యి."

టోపీ తీసి ఇచ్చాను.