మోసెస్ వేలు

అరకు సంత వీధిలో మోటారు బోర్డులు బాగుచేసే మోసెస్ వేడిని వేలితోనే చూస్తాడు. కరెంటిచ్చి, ప్రతి భాగాన్నీ చూపుడువేలితో తాకుతాడు. కాలితే ఆ వేలిని చెవితమ్మెకు ఆనించుకుంటాడు. స్వర్ణ వాళ్లు కాఫీ గింజలు ఆరబెట్టే షెడ్డులో ఎనిమిది ఫ్యాన్లున్నాయి; వాటిని నడిపే బోర్డు పెట్టె మోసెస్ దగ్గరికి వచ్చింది. ఫ్యాన్లను వేసి ఆపే స్విచ్చులైన రిలేలను లాగే బలం బోర్డు మీది బుల్లి కంప్యూటర్ మైక్రోకంట్రోలర్‌కు లేదు, మధ్యలో కరెంటు పెంచి అందించే డ్రైవర్ ఉండాలి. మోసెస్ అన్నింటికీ కలిపి డ్రైవర్‌గా ఒకే చిప్పు వేశాడు. రిలేలను ఒక్కొక్కటిగా టిక్కుమనిపించి, చిప్పు చల్లగా ఉందని చూసుకునే ఇచ్చాడు. వారం తిరక్కముందే స్వర్ణ పెట్టె వెనక్కి తెచ్చింది.

"కంపు కొట్టి ఆగిపోనాది మావా. గింజలు బూజు పట్టేత్తన్నాయి."

"అన్నీ ఒక్కపాలే ఏసీసినావా?"

"కరెంటొస్తే అన్నీ ఏసెయ్యమేటి? మళ్లీ ఎప్పుడు పోద్దో ఎవులికి తెల్సు?"

మోసెస్ పెట్టె మూత విప్పాడు. కరెంటు రాగానే తన ఇంట్లోనూ మోటారు, మిక్సీ ఒకేసారి లేస్తాయి. ఎనిమిదింటి భారం ఒక్కసారే పడి మాడిన చిప్పు పీకేసి, దాని బదులు రిలేకొక ట్రాన్సిస్టర్ చొప్పున వరసగా టంకం పెట్టాడు. ఈసారి ఎనిమిదీ ఒక్కసారే వేసి, స్వర్ణ టీ తాగి వచ్చేదాకా ఆగి, ఒక్కొక్కదాన్నీ తాకుతూ పోయాడు. వేలు చెవిదాకా వెళ్లలేదు.