జ్ఞానమ్మ పట్టుకున్న మూడు గీతలు

జ్ఞానమ్మ అయిదో తరగతి గడప దాటలేదు. దాటలేదని ఎవరి ముందూ తల దించుకున్నదీ లేదు. "మా ఆయన ఇంగ్లీషు పుస్తకాలు దిద్దుతారు, ఇంట్లో ఒకళ్లకి వస్తే చాలదా?" అనేది. ఆ ఆయన లాజరు, రాజమండ్రి ఇన్నీసుపేటలో దొరబాబు ప్రెస్సుకి ప్రూఫులు చూసేవాడు. కుర్రతనంలో సీసపు అక్షరాలు పేర్చిన చెయ్యి. ఎంత గొప్ప చదువులవాళ్లు రాసి పంపినా, ఇంగ్లీషులో మాటల మధ్య ఎక్కడ ఏ గీత పడాలో ఆయనే తేల్చాలి.

అలాంటి మనిషికి షుగరు కంట్లో నరాలు తినేసింది. ఆపరేషను చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. ఆ సంగతి ప్రెస్సులో చెప్పలేదు. భూతద్దం పెట్టుకుని, ఆనవాలు పట్టి, మాటల్ని ఎలాగో లాక్కొస్తున్నాడు. గీతలు మాత్రం అన్నీ ఒకటే మసక. మొన్నటి పుస్తకంలో తప్పులు పడ్డాయి. దొరబాబు మర్యాదగానే చెప్పాడు. "మాస్టారూ, ఇది కాకినాడ కాలేజీవాళ్ల పుస్తకం. ఇందులోనూ తేడా వస్తే ఇంక మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి."

విశ్రాంతంట! రెండు రోజులు ఇంట్లో కూర్చుంటే మూడో రోజుకి అన్నం మానేసే మనిషి.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చి, కిటికీ దగ్గర మొహానికి ఆనించుకుని ఉండిపోయాడు. జ్ఞానమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"వాసన చూస్తే తెలుస్తుందా ఏంటండీ?"

"ఎగతాళి చెయ్యకే. నా పని అయిపోయింది."

ఆ గొంతు ఆవిడకి కొత్త. చేట పక్కన పెట్టేసింది. "బియ్యంలో మట్టిబెడ్డ దొరికే కళ్లు నావి. ఆ గీత ఎలా ఉంటుందో చెప్పండి, నేను చూస్తాను."

కుర్రతనంలో పనిచేసిన పాత ప్రెస్సు మూసేసిన రోజు గుర్తుగా తెచ్చుకున్న సీసపు ముక్కలు మూడు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. పొట్టిది రెండు మాటల్ని కలిపి ఒకటి చేసేది. నడిమిది రెండు కాళ్ల ఇంగ్లీషు 'ఎన్' అంత వెడల్పు. ఈ ఏడాది నుంచి ఆ ఏడాది దాకా, ఈ పేజీ నుంచి ఆ పేజీ దాకా అని చెప్పేది. పొడుగుది మూడు కాళ్ల 'ఎమ్' అంత. చెప్తున్న మాట చటుక్కున తెగి పక్కకి మళ్లేచోట పడేది.

"ఇంతేనా! దీనికా ఇన్నాళ్లూ అంత బడాయి పోయారు?" అంది. ఆయన నవ్వలేదు.

తొమ్మిది రోజులు ఆవిడ వేలు పెట్టి "ఇక్కడ పొట్టిదండీ" అనడం, ఆయన కూడబలుక్కుని చదివి "అక్కడ పొడుగుది రావాలి, దాని చుట్టూ సున్నా పెట్టు" అనడం. నాలుగో రోజుకి ఆవిడే అడిగేసింది, "అంకెల మధ్య పొట్టిది పెట్టారేంటండీ, బుద్ధిలేదా వీళ్లకి?" ఆయన భూతద్దం తుడుచుకున్నాడు. మెచ్చుకుంటాడనుకుంది పాపం.

పదో రోజు ఆవిడ క్యారేజీ పట్టుకుని ప్రెస్సుకి వెళ్లేసరికి బయట కాలేజీ కారు ఆగి ఉంది. దొరబాబు హడావుడి పడుతున్నాడు. "చివరి పేజీలు ఇక్కడే చూసి సంతకం పెట్టెయ్యండి మాస్టారూ, ఇంటికి తీసుకెళ్లే టైము లేదు."

లాజరు కాగితం మీదికి వంగాడు. వేలు వరసల మీద జారిపోతోంది, ఎక్కడా ఆగడంలేదు. "బాగానే ఉందండి" అని పెన్ను తీశాడు.

జ్ఞానమ్మకి ఆయన భుజం మీదుగా కనబడింది. మూడో వరసలో రెండు ఏళ్ల అంకెల మధ్య పొట్టిది. నోరు మూసుకుంటే తప్పు ఆయన సంతకంతో అచ్చవుతుంది. నోరు తెరిస్తే ఆయన గుట్టు రట్టయిపోతుంది. ప్రభువా అనుకుంది. ప్రభువు పలకలేదు.

"ఏవండీ, మూడో వరస చూడండి. అంకెల మధ్య పొట్టిది ఉంది."

దొరబాబు ఆవిడని చూశాడు, ఆయన్ని చూశాడు. "ఎన్నాళ్ల నుంచమ్మా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. కాగితాలు మెల్లిగా ఆవిడ వైపు జరిపి, "మిగతావి కూడా చూసిపెట్టండమ్మా, కారు వెయిటింగులో ఉంది" అన్నాడు.

లాజరు పెన్నుకి మూత పెట్టాడు. జేబు ఒకసారి తప్పి, రెండోసారి దొరికింది. గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు.

"ఏవండీ, అన్నం..."

"పొడుగుదానికి ముందూ వెనకా ఖాళీ ఉండకూడదు. అది కూడా చూడు" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. మెట్లు దిగిపోయాడు.

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని కాగితం మీద వేలు పెట్టింది. పొట్టిదీ నడిమిదీ పొడుగుదీ కలిసిపోయి ఒకటే మసక.

"ఏమ్మా, బాగానే ఉందా?" దొరబాబు తొందర.

"ఉండండి బాబుగారూ. నాకూ కనబడ్డంలేదు."