రాగి చేను మీది నీళ్లు

హోసూరు రోడ్డు మీద ఫ్లైఓవర్ కడుతున్న రోజులవి. హెబ్బగోడి బస్సులో నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. ఒడిలో మూత పెట్టిన గిన్నె ఉంది. ఆ రోజు పెద్దల అమావాస్య. మాటల్లో చెప్పింది: తాము అమ్ముకున్న రాగి చేనులోనే నేను పనిచేసే అపార్ట్‌మెంట్ లేచిందట. భర్త సమాధి ఆ చేనులోనే ఉండిపోయిందట.

"నన్ను వాచ్‌మన్ లోపలికి ఇడవడమ్మా. ఎనక గోడ దగ్గర రాయి ఉంటాది. ఈ గిన్నెలో ముద్ద ఆడ పెట్టు తల్లీ" అంది.

నేను నోరు తెరిచేలోపే ముందు సీటు కుర్రాడు వెనక్కి తిరిగాడు. అతనిదీ ఆ అపార్ట్‌మెంటే.

"ఏ రాయి అవ్వా? అక్కడంతా తవ్వేసి స్విమ్మింగ్ పూల్ కట్టేశారు. మీ ఆయన నీళ్ల కింద చల్లగా ఉన్నాడులే!"

బస్సంతా గొల్లున నవ్వింది. ఆవిడ ఏడవలేదు.

"లోతు శానా ఉండాదా?" అని అడిగింది.

"మనిషి మునిగేంత ఉంది."

ఆవిడ గిన్నె నా చేతిలో పెట్టింది. "ఆయప్పకు ఈత రాదమ్మా" అంది.

పూల్ గట్టు ఊడ్చే పని నాదే. ముద్ద ఆ గట్టు మీదే పెట్టాను. అక్కడ పనిచేసినన్నాళ్లూ చీపురు ఆ నీళ్లకు తగలకుండా ఊడ్చాను.