నేను ఆదా చేసిన గీతలు

"రెండెందుకే? దర్వాజకు ఒక్క గొళ్లెం పెడ్తలేమా?"

"ఇది దర్వాజ కాదు నానమ్మా! మాటకు గిటు ఒకటి, గటు ఒకటి ఉండాలె. నువ్వు గటు దిక్కువన్నీ పారేసినవు!"

"పారెయ్యలే. పెట్టలే. పారేసుడు వేరు, పెట్టకపోవుడు వేరు."

"రేపు పది గంటలకు నా నౌకరి పోతది. అది మాత్రం ఒక్కటే!"

ఆ రోజుల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒంటికి అరవై ఏడేళ్లు, ఉద్యోగానికి మూడు గంటలు. పనిలో కొత్తగా అడుగుపెట్టిన మనిషికి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనిపిస్తుంది. అది పద్దెనిమిదేళ్లప్పుడు ఎంత నిజమో, అరవై ఏడప్పుడూ అంతే నిజమని నేను చేసి చూపించాను. నా చదువు మూడో తరగతి దాకా (బడి కప్పు కూలిందని మానిపించారు, కప్పు మళ్లీ వేశారు, నన్ను మాత్రం మళ్లీ పంపలేదు). అలాంటి నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది మా మనవరాలు. మేమంతా చిట్టి అంటాం.

చిట్టి జహీరాబాద్‌లో మా ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి పనిచేసేది. కంప్యూటర్‌కు పనులు చెప్పడానికి ఒక భాష ఉందట. ఆ భాషను ఎలా వాడాలో చెప్పే పెద్ద పుస్తకం కంప్యూటర్‌లోనే ఉంటుందట. అందులో ఒక పేజీలో ఏదైనా మాట వస్తే, దాని వివరం ఇంకో పేజీలో చూడమని దారి చూపాలి. ఆ మాట నీలంగా కనిపించాలి, నొక్కితే ఆ పేజీ తెరుచుకోవాలి. అలా జరగాలంటే మాటకు ముందొకటి, వెనకొకటి, ఎడమకు వాలిన బుల్లి గీత ఉండాలి. ఎవరో తొందరలో వాలు గీతలకు బదులు నిలువు గీతలు పెట్టేశారు. దాంతో మాటలన్నీ నల్లగా, ఎంత నొక్కినా ఉలకకుండా పలకకుండా కూర్చున్నాయి. వాటిని దిద్దడమే చిట్టి పని. "గీతలు వంచుతందుకు జీతమిస్తరా?" అని నేను చాలా రోజులు నమ్మలేదు. అంత చదివిన పిల్ల, తను చేసే అసలు పనేదో చెప్పుకోవడానికి సిగ్గుపడి అబద్ధమాడుతోందనే అనుకున్నాను.

కంపెనీ వాళ్లు మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మూడు నెలలూ అయిపోవస్తున్నాయనగా, చెరకు ట్రాలీ నుంచి రోడ్డు మీద జారిపడ్డ గడ మీదికి చిట్టి స్కూటీ ఎక్కింది. కుడి చేతికి కట్టు పడింది. రెండు రోజులు ఎడమ చేత్తోనే కొట్టి కొట్టి ఆ చెయ్యీ వాచింది. మిగిలిన పేజీలు మరునాడు పది గంటలకల్లా పంపాలి. కొడుకూ కోడలూ మొగుడంపల్లి చేనులో అల్లం తవ్వకానికి పోయారు. ఇంట్లో ఉన్నది నేనూ, మా ఆయనా.

"నానమ్మా, జర నువ్వు కూసో. నేను పసుపు రంగేసిన కాడనే చూడు. నిలువు గీతలు తీసెయ్, వాలు గీతలు పెట్టు. ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న మీట. గంతే."

రంగు వేయనిచోట కూడా నిలువు గీతలున్నాయి కానీ, వాటి పని వేరట, ముట్టుకోకూడదట. బియ్యంలో రాళ్లేరే కళ్లకు అదేమంత పని? మొదటి పేజీ ఆమె చూస్తుండగానే సరిగ్గా దిద్దాను. "షాబాష్" అని, నొప్పి గోలీ వేసుకుని పడుకుంది.

ఆమె కన్ను మూతపడగానే నా బుర్ర తెరుచుకుంది. మాట మొదట్లో గీత పెడితే, ఇది ముఖ్యమైన మాట అని ఎవరికైనా తెలుస్తుంది కదా, చివర మళ్లీ ఎందుకు? రెండు తీసి ఒకటి పెడితే సగానికి సగం ఆదా! మీట అరుగుదల తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, కంపెనీ వాళ్లు సంతోషిస్తారు (పొదుపు చేసే మనిషిని ఎవరైనా ఎందుకు వద్దంటారు?). పేజీ తర్వాత పేజీ, ఆమె నేర్పినట్టే భద్రం చేసుకుంటూ పోయాను. మధ్యలో ఫ్యాను కూడా ఆపేశాను.

ఉక్కకు చిట్టి లేచింది. పేజీ తెరిచి చూసింది. ఒక మాట దగ్గర మొదలైన నీలం ఎక్కడ ఆగాలో తెలియక, పక్క మాటకున్న గీత దాకా పారింది. బట్టల నీలిమందు సీసా ఒలికినట్టుంది పేజీ. ఆ తర్వాత మొదలైన పోట్లాటే మీరు పైన విన్నది.

నేను తగ్గలేదు. "మనిషికి బుద్ధుంటే ఏడ ఆగాల్నో తెల్వదా?" అన్నాను. "మనిషికి తెలుస్తది, కంప్యూటర్‌కు తెల్వది!" అని చిట్టి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు చూస్తూ కూడా నేను వాదిస్తూనే ఉన్నాను.

అప్పటిదాకా అరుగు మీద విత్తనపు అల్లం ఏరుకుంటున్న మా ఆయన తలెత్తకుండానే అన్నాడు: "చిట్టీ, మీ నానమ్మను సుతిలి ముచ్చట జెప్పమను."

చెప్పక తప్పింది కాదు.

నేను కాపురానికి వచ్చిన ఏడాది. అల్లం సంచుల మూతులు సుతిలి తాడుతో కుట్టే పని మా అత్త నాకు అప్పజెప్పింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎందుకులే అని సంచికి ఈ కొసన నాలుగు కుట్లు వేసి, ఆ కొసను మడిచి ఊరుకున్నాను. లారీ ముంబై రోడ్డు మలుపు తిరగ్గానే సంచులు నోళ్లు తెరిచాయి. అల్లమంతా రోడ్డు మీద. బస్సులోంచి దిగి మరీ కొంగుల్లో, తువ్వాళ్లలో ఏరుకుపోయారట జనం. మా మామ ఇంటికొచ్చి ఒకే మాట అన్నాడు: "కోడలు సుతిలి మిగిల్చింది, తీసి దాసుకోమను." దాచుకున్నాను కూడా. ఆ ఉండ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అప్పుడప్పుడు పెట్టె తెరిచినప్పుడు దాన్ని చూస్తే, పద్దెనిమిదేళ్ల ఆ పొగరుబోతు పిల్లా, అరవై ఏడేళ్ల ఈ పొగరుబోతు ముసలీ పక్కపక్కన కూర్చుని సుతిలి చుడుతున్నట్టే ఉంటుంది. ఇద్దరినీ తిట్టబుద్ధి కాదు.

"గదేందో ముందుగాల్నే చెప్పొద్దా," అన్నాను చిట్టితో, "సంచి మూతి అని."

"నాకేం తెల్సు నానమ్మా నీ సంచుల కత!"

"ఫికర్ జెయ్యకు. జరుగు."

ఫ్యాను వేశాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ప్రతి మాటకూ ఆ కొస కుట్టుకుంటూ పోయాను. చిట్టి పక్కనే కూర్చుని, నీలం ఎక్కడ ఆగిందో వేలితో చూపిస్తూ వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఆఖరి పేజీ అయింది. చిట్టి ఎడమ చేత్తో పంపేసింది.

మరునాడు పొద్దున పది గంటలకు జవాబు వచ్చింది. చిట్టి పైకి చదివింది: ఒకటో తారీఖు నుంచి ఉద్యోగం ఖాయం, పని శుభ్రంగా ఉంది, ఒక్క మాటకు మాత్రం చివరి గీత లేదు, అది పెట్టి పంపాలి.

"గిదొక్కటి ఎట్ల మిగిలింది నానమ్మా?"

"మర్చిపోయిన," అన్నాను. (మర్చిపోయానో, చెయ్యి దానంతట అదే ఆగిందో నాకూ తెలియదు.) కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న మీట ఒక్కసారి నొక్కి, చాయ్ పెట్టడానికి పోయాను.