మెరుగు పెట్టించిన రివాల్వరు

మా బావగారికి, అంటే నా భర్త అన్నగారికి, వంశగౌరవం అనే జబ్బు మావగారు పోయాక బాగా ముదిరింది. మావగారు డెబ్బై దాటాక తన తండ్రి నుంచి వచ్చిన పాత మిలిటరీ రివాల్వరును లైసెన్సుతో సహా పెద్దకొడుకు పేర మార్పించారు. అప్పట్నుంచి టాటానగర్ కద్మాలో మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ రివాల్వరే బయటికొచ్చేది.

దాంతోపాటు ఒక కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో బావగారి తాత సైన్యంలో ఉన్నారట. ఒక తెల్ల అధికారి కోపంతో రివాల్వరు వెనకనున్న హ్యామర్‌ని బొటనవేలితో లాగి ఆయనకు గురిపెట్టాడట. తాతగారు చెయ్యి మెలిపెట్టి లాక్కుంటే, ఆ ధైర్యానికి మెచ్చి తెల్లవాడు దాన్ని ఆయనకే ఇచ్చేశాడట. పై అధికారి ఆయుధం లాక్కున్న సిపాయికి బహుమానమిచ్చే సైన్యం భూమ్మీద ఎక్కడుందో నాకు తెలియదు. వినేవాళ్ళకీ తెలియదు. అయినా తలలూపేవారు. పకోడీలు తింటున్న మనిషి దేనికైనా తలూపుతాడు.

ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకటి వార్షికోత్సవానికి సంచిక వేస్తామంది. బావగారు కమిటీలో ఉన్నారు. ఇంట్లో తెలుగు రాసేదాన్ని నేనొక్కదాన్నే.

"నువ్వు రాత్తావు కదమ్మా. తాతగారి గురించి మంచి తెలుగులో ఒక పేజీ రాసీ. రివాల్వరు ఫోటో కూడా ఏత్తారు" అన్నారు.

రాయాలంటే వస్తువును ఒకసారి సరిగ్గా చూడాలన్నాను. ఆయన గుళ్ళు తీసేసి, భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి పెట్టారు. అత్తగారు పంచాంగం చదువుకునే భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను. కుడివైపు ఇనుము మీద ఒక కిరీటం, దాని కింద ఇంగ్లండు ప్రభుత్వ కార్ఖానా పేరు, మోడల్ నంబరు, అట్టడుగున సంవత్సరం. గొట్టం మీదా, గుళ్ళు పెట్టే చక్రం మీదా, చట్రం మీదా ఒకే వరస నంబరు. అన్నిటికీ ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను. మొదట ఆ కిరీటం కంపెనీ మార్కేమో అనుకున్నాను. ఇంటర్నెట్లో అలాంటివాటి బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే అది రాజుగారి ముద్ర అని తేలింది. చిన్న బాణం గుర్తు సర్కారు సొత్తు అనడానికి. ఒకచోట రెండు బాణాలు మొనలు ఆనించి ఎదురెదురుగా ఉన్నాయి. సైన్యం వద్దనుకుని అమ్మేసిన సరుకు మీద అలా కొడతారట.

ఇక సంవత్సరం రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలానిది. పైగా ఆ మోడల్ హ్యామర్‌కి బొటనవేలు ఆనించే కొక్కెమే లేదు. తొడుక్కున్న బట్టలకు తగులుకోకుండా కార్ఖానాలోనే తీసేసేవారట. ఆ తెల్లవాడు దేన్ని లాగాడో ఆయనకే తెలియాలి.

వంటింట్లో ఉన్న అత్తగారిని తాతగారి యుద్ధం గురించి అడిగాను.

"ఏ లడాయే? మొదటి లడాయప్పటికి మా మావగారు ఉయ్యాల్లో ఉంటారు" అన్నారావిడ, చిక్కుడుకాయలు ఒలుస్తూనే. "టాటానగర్‌లో రైల్వే గుమస్తా. జీతాల పెట్టి పట్టుకుని సిన్న సిన్న టేసన్లన్నిటికీ ఎల్లీవోరు. దారంతా అడివి. మిలిట్రీవోళ్ళు పాత సామాను అమ్మేత్తంటే పర్మిసను తీసుకుని కొనుక్కున్నారు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

"నన్నెవులు అడిగారు?" అన్నారు.

ఆ తాతగారు నాకు అప్పుడే మొదటిసారి నచ్చారు. అడవి దారుల్లో పరాయివాళ్ళ జీతాలు భద్రంగా మోసిన మనిషి గురించి ఇష్టంగానే ఒక పేజీ రాసి బావగారికిచ్చాను. చదువుతుంటే ఆయన మొహం మాడిపోయింది.

"మా తాత డబ్బుల పెట్టి మోసీవోడని అచ్చేయించుకోమంటావేటమ్మా?"

రివాల్వరు మీద సంవత్సరం కొట్టి ఉందనీ, ఫోటో వేస్తే ఎవరైనా చదవగలరనీ చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ వారంలోనే రివాల్వరును జుగ్సలాయి బజారులో స్కూటర్ సామానుకి పాలిష్ పట్టి క్రోమ్ పూసే దుకాణానికి పట్టుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి అది పెళ్ళి బ్యాండువాళ్ళ బూరాలా తళతళలాడుతోంది. కిరీటం లేదు, బాణాలు లేవు, సంవత్సరం లేదు.

"సమక్ సూసేవా?" అన్నారు తమ్ముడితో.

మా ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "అన్నయ్యా, నంబరేది?" అన్నారు.

బావగారు అప్పుడు వెతికారు. లైసెన్సు పుస్తకంలో రాసి ఉండేది ఆ నంబరేనన్న సంగతి అంతవరకూ ఆయన బుర్రకు తట్టలేదు. కథ చెప్పడానికి రివాల్వరును వందసార్లు చేతిలోకి తీసుకున్న మనిషి, దాని మీద ఏముందో ఒక్కసారీ చదవలేదన్నమాట.

లైసెన్సు రెన్యూవల్‌కి ఆయుధాన్ని పోలీసు థానాలో చూపించాలి. అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. అక్కడి అధికారి పుస్తకం ఒక చేత్తో, రివాల్వరు ఒక చేత్తో పట్టుకుని, నంబరు గీకేసిన ఆయుధాలు ఎలాంటివాళ్ళ దగ్గర దొరుకుతాయో హిందీలో నెమ్మదిగా వివరించాడట. రివాల్వరు అక్కడే ఉంచేశాడు. అప్పుడు మా బావగారు, తన మరదలు ఆ ముద్రలు సరైనవి కావని చెప్పబట్టే చెరిపించానని చెప్పారట. మా ఆయన ఇంటికొచ్చి తలదించుకుని ఆ మాట నాకు చెప్పారు. అంతవరకూ బావగారంటే నాకు నవ్వొచ్చేది. ఆరోజు నుంచి రోత పుట్టింది.

మర్నాడు ఆయనే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఆ ఫోటోలు ఉన్నాయామ్మా?"

ఉన్నాయి. నంబరు లైసెన్సుతో సరిపోతోందని చూపించడానికి అవి తప్ప దారి లేదని వకీలు చెప్పాడట. ప్రతి ఫోటో కింద ఆ ముద్ర ఏమిటో రాయమన్నాడు. కిరీటం, బాణం, సైన్యం అమ్మేసిన గుర్తు, తయారైన సంవత్సరం, జీతాల డ్యూటీ కోసం తాతగారు కొనుక్కున్న సంగతి అన్నీ రాశాను. నిజమేనని ప్రతి కాగితం కిందా బావగారు సంతకం పెట్టారు. నా వైపు చూడలేదు. చూస్తారని నేనూ అనుకోలేదు.

పెద్దమనిషి మూర్ఖత్వమే తప్ప దురుద్దేశం లేదని తేల్చి ఆయన్ని వదిలేశారు. రివాల్వరు మాత్రం పట్టుబడ్డ సామాను దాచే సర్కారు మాల్‌ఖానాలోనే ఉండిపోయింది. సంచిక మా పేజీ లేకుండానే వచ్చింది.

ఈమధ్య ఇంటికొచ్చినవాళ్ళకు ఆయన, చరిత్రాత్మకమైన ఆయుధం గనక ప్రభుత్వం మ్యూజియం కోసం తీసుకుందని చెబుతున్నారు. యుద్ధమూ, తెల్లవాడూ, బొటనవేలూ యథాతథం. నేను ఆ గదిలోకి వెళ్ళడం మానేశాను. కాఫీ మా ఆయనే పట్టుకెళుతున్నారు.