వెనక తలుపు తీయను సార్

ఉద్యోగం చేతికి రాకముందే దాన్ని ఊడగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. నాకు పని ఇద్దామని చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి, పట్టపగలు, హైవే మీద, నేను చేసిన మర్యాద అలాంటిలాంటిది కాదు. ఇప్పటికీ మా వైపు పార్సిల్ బండ్లు తోలేవాళ్లు టీ కొట్టు దగ్గర కలిస్తే ముందు నా కథ చెప్పుకుని నవ్వి, తర్వాతే డీజిల్ ధరను తిట్టుకుంటారు.

నా పేరు పెంచలమ్మ. మాది చిట్టమూరు మండలంలో వరి పండించే ఇల్లు. నాకు పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది. మూత ఉన్న వస్తువు కనబడితే చాలు, తీసి లోపల ఏముందో చూడాలి. నాన్న నాకు ట్రాక్టరు నేర్పింది కూడా నా మీద ప్రేమతో కాదు. ఊరికే పక్కన కూర్చోబెడితే ఇంజను విప్పేస్తానని భయపడి స్టీరింగు చేతికిచ్చాడు.

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే ఉన్న రోజుల్లో, గూడూరులో పార్సిల్ బండి డ్రైవర్లకు శిక్షణ ఇస్తున్నారని, ఆడవాళ్లు కూడా రావచ్చని తెలిసింది. నాకు ఉద్యోగం కన్నా ముందు ఇంకొక ఆశ పుట్టింది. బండి నిండా మూతలు వేసిన డబ్బాలు! నాకింతకన్నా ఏం కావాలి చెప్పండి.

అమ్మ ఒప్పుకోలేదు. "లారీ తోలతావా? రేపు మన వాళ్లు ఏమనుకుంటారు మే?" అంది. నాన్న మాత్రం నన్ను గూడూరు తీసుకెళ్లి, శిక్షణ ఇచ్చే మస్తాన్ సార్‌నే సూటిగా అడిగాడు.

"ఈ పని నాలుగు రోజుల ముచ్చటా, నిలబడేదా సార్?"

మస్తాన్ సార్ ముప్పై ఏళ్లు లారీలు తోలి, మోకాళ్ల నొప్పులొచ్చి మాస్టారైన మనిషి. తెల్లగడ్డం, లోకంలోని క్లచ్చులన్నీ తనవేనన్నంత వాటి మీద జాలి.

"అన్నా, ఒకప్పుడు పార్సిలంటే నెల్లూరు బజారు దాకానే. ఇప్పుడు రొయ్యల గుంట కాపలాదారు కూడా గుడిసె ముందర కూర్చొని ఫోన్లో చెప్పులు తెప్పించుకుంటా ఉండాడు. అవి ఎగురుకుంటా రావు గదా, ఎవురో ఒకరు తోలాల. ముందు చిన్న బండి. చెయ్యి కుదిరినాక పెద్ద బండి. మంచి డ్రైవరు కోసం కంపెనీలే ఎదురుచూస్తా ఉండాయి."

నాన్న ఆ మాటతో మెత్తబడ్డాడు. ఇంటికి వెళ్లే దారిలోనే ఎదురుపడ్డ వాళ్లందరికీ నాకు ఉద్యోగం వచ్చేసిందని చెప్పేశాడు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత నా పరువు ఎంత ఎత్తు నుంచి పడిందో లెక్క తెలియాలి కదా.

శిక్షణలో బండి నడపడం నాకు కష్టం కాలేదు. మడిలో ట్రాక్టరు తిప్పిన చేతికి తారు రోడ్డు పట్టుపరుపులాంటిది. ఇరుకు సందులో వెనక్కి తీయడం, బరువైనవి కింద పేర్చడం, పేర్చినవి కదలకుండా పట్టీలు బిగించడం, అన్నీ వచ్చేశాయి. వచ్చిన చిక్కల్లా డబ్బాలతోనే. ప్రతి దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. వాసన చూసేదాన్ని.

"సార్, ఇది గలగలమంటా ఉంది. గాజులంటారా, బోల్టులంటారా?"

"నీకెందుకు తల్లీ?"

"ఊరికే, తెలుసుకుందామని."

"పెంచలమ్మా, నా మాట ఇను. డ్రైవరుకి రోడ్డు కనబడాల, పార్సిలు కనబడకూడదు. లోపల ఏడ్చినా, నవ్వినా, పాట పాడినా నువ్వు తలుపు తియ్యకూడదు. దారిలో ఎవురన్నా ఆపి, లోకంలో లేని కథలు చెప్తారు. నమ్మి తీసినావా, సరుకు పాయె, నీ పని పాయె. అడ్రసు చేరినాకే వెనక తలుపు. తెలిసిందా?"

ఈ మాట ఆయన రోజూ చెప్పేవాడు. చివరికి నేను నిద్రలో కూడా "తీయను సార్" అంటున్నానని అమ్మ కంగారు పడింది.

పరీక్ష రోజు వచ్చింది. చెన్నైలోని ఒక పార్సిల్ కంపెనీ నుంచి సుధాకర్ గారనే ఆఫీసరు వచ్చారు. నీలం చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం మీసం, ఇస్త్రీ కూడా ఆయన్ని చూసి సిగ్గుపడేంత శుభ్రం. గూడూరు నుంచి మనుబోలులో ఒక ఇంటికి మిక్సీ పార్సిలు చేర్చి రావాలి. అదే పరీక్ష.

"ఆయన నా పక్కన కూర్చుంటారా సార్?" అని మస్తాన్ సార్‌ని చెవిలో అడిగాను.

"కూర్చోనూవచ్చు, వెనకాల ఇంకో బండి మీద రానూవచ్చు. ఒక్కో ఆఫీసరుది ఒక్కో రకం. నువ్వు మాత్రం నేను చెప్పింది మరవబాకు" అని ఆయన లోపలికి వెళ్లాడు.

సుధాకర్ గారు తన బ్యాగు, ఫోను ముందు సీట్లో పెట్టి, "మీరు బండి చూసుకోండమ్మా, నేనొకసారి లోడు చూస్తాను" అని వెనక్కి వెళ్లారు. నేను టైర్లు తన్ని చూశాను, అద్దాలు తుడిచాను, బానెట్టు ఎత్తి, అవసరం లేకపోయినా లోపలికి తొంగి తొంగి చూశాను. తల ఎత్తేసరికి ఆయన లేరు. వెనక తలుపు ఒక రెక్క ఓరగా తెరిచి ఉంది. తలుపు తెరిచి వదిలేస్తే నేను పట్టించుకుంటానో లేదో చూస్తున్నారన్నమాట! ధడాల్న మూసి, గడియ వేసి, తాళం బిగించాను.

చుట్టూ చూశాను. గేటు అవతల ఒక నీలం చొక్కా మనిషి మూతికి గుడ్డ కట్టుకుని, హెల్మెట్టు పెట్టుకుని బైకు ఎక్కుతున్నాడు. ఓహో, సార్ వెనకాల వచ్చే రకం! ఆయనకు వినయంగా తల వంచి నమస్కారం పెట్టి బండి కదిలించాను. ఆ మనిషి అయోమయంగా తిరిగి నమస్కారం పెట్టాడు.

కాసేపటికి వెనక నుంచి ధబ్ ధబ్ మని చప్పుడు మొదలైంది.

అయ్యా, నా బాధ ఎవరికి చెప్పుకోను? లోపల ఏదో కొట్టుకుంటోంది. మిక్సీ దానంతటది తిరుగుతోందా? డోలా? ఎవరైనా పందెం పుంజును పార్సిలు చేశారా? పుంజు అయితే అంత బరువుగా కొట్టదు. పొట్టేలా? పొట్టేలును డబ్బాలో ఎలా పెడతారు, కాళ్లు మడుస్తారా? నా ప్రాణమంతా వెనక డబ్బాలోనే ఉంది. అయినా ఆపలేదు. అద్దంలో నీలం చొక్కా కనబడినప్పుడల్లా, చూశారా సార్ నా నిగ్రహం, అన్నట్టు వెన్ను నిటారుగా పెట్టుకున్నాను.

పక్క సీట్లో సుధాకర్ గారు పెట్టిన ఫోను మోగింది. తెర మీద మస్తాన్ సార్ పేరు. బండి తోలుతూ ఫోను ముట్టుకుంటానా లేదా అని ఇదొక పరీక్ష. గురువూ ఆఫీసరూ కలిసిపోయారు! ముట్టుకోలేదు. మళ్లీ మోగింది. చిరునవ్వు నవ్వి వదిలేశాను.

ఇంతలో బైకు మనిషి నన్ను దాటి, చెయ్యి ఊపి ఆపించాడు. హెల్మెట్టు తీయకుండానే కిటికీ దగ్గరికొచ్చాడు.

"అక్కా! నీ బండిలో ఎవురో అరస్తా ఉండారు!"

"అలాగా సార్."

"అలాగా ఏంది! మనిషి గొంతు. తలుపు తియ్యి ముందు!"

"తీయను సార్."

"సార్ ఏంది, నేను రొయ్యల మేత తెచ్చుకునేదానికి పోతా ఉండా. లోపల మనిషుండాడక్కా!"

"చాలా బాగా చెప్తున్నారు సార్. రొయ్యల మేత సంగతి నిజంగా నమ్మేట్టుంది. అయినా తీయను."

సరిగ్గా అప్పుడే వెనక నుంచి సన్నగా వినిపించింది. "పెంచలమ్మా... తలుపు తియ్యమ్మా..." మిగతా మాటలు పక్క నుంచి పోయే లారీల హోరులో కలిసిపోయాయి. నాకు కళ్లు చెమర్చాయి. నా ఒక్కదాని పరీక్ష కోసం లోపల మనిషిని పెట్టి, నా పేరు కూడా నేర్పించారంటే, ఎంత శ్రద్ధ గల కంపెనీ! చేరితే ఇందులోనే చేరాలి అనుకున్నాను.

"మనుబోలు చేరినాకే సార్" అని రెండు చేతులు జోడించి బండి పోనిచ్చాను. బైకు మనిషి నెత్తి బాదుకుంటూ వెంటపడ్డాడు.

మనుబోలులో ఆ ఇంటి ముందు ఒక పెద్దావిడ మిక్సీ కోసం వాకిట్లోనే నిలబడి ఉంది. నేను గర్వంగా దిగి, బైకు మనిషి దగ్గరికెళ్లి, "చెప్పినట్టే చేశాను సార్. మార్కులు వేయండి" అన్నాను.

ఆయన హెల్మెట్టు తీశాడు. మూతికి కట్టిన గుడ్డ విప్పాడు. దాని కింద నుంచి ఇంత పొడవు మీసం బయటికొచ్చింది.

ఇంత మీసం దారిలో మొలవదు. ఈయన సార్ కాకపోతే, మరి సార్...

తాళం చెవి పట్టుకుని బండి వెనక్కి పరుగెత్తాను. తలుపు తెరిచేసరికి, డబ్బాల మధ్య, ఒక పట్టీని ప్రాణంలా పట్టుకుని, తడిసిన నీలం చొక్కాతో సుధాకర్ గారు కూర్చుని ఉన్నారు. పైన ఇనప జాలీ ఉండబట్టి గాలికి లోటు లేదు కానీ, ఇస్త్రీ మాత్రం ఒక మడత కూడా మిగలలేదు. ఒళ్లో మిక్సీ డబ్బా.

పెద్దావిడ ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"ఏమ్మా, నేను మిక్సీ గదా అడిగింది. దాంతో పాటు రుబ్బేదానికి మనిషిని కూడా పంపించినారా?"

నోటికి వచ్చిన ఒకే ఒక్క మాట అన్నాను. "ఓటీపీ చెప్పండమ్మా."

సుధాకర్ గారు దిగి, పెద్దావిడ ఇచ్చిన చెంబుడు మజ్జిగ తాగారు. కోప్పడతారని ఎదురుచూశాను. ఆయన నెమ్మదిగా అన్నారు.

"నా ఫోను ఎంత మోగినా ఎత్తలేదు. దారిలో తలుపు తీయలేదు. మలుపుల దగ్గర ఒక్క డబ్బా కూడా నా మీద పడలేదు. ఇన్నేళ్లుగా ముందు సీట్లో కూర్చుని మార్కులు వేశాను. పార్సిలుకు ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది."

"అయితే పాసేనా సార్?"

"కాదమ్మా."

తిరుగు ప్రయాణంలో ఎంత బతిమాలినా నా బండి ఎక్కలేదు. మీసాల ఆయన బైకు వెనక కూర్చుని, మేత మూటలతో కలిసి గూడూరు చేరారు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నాన్న మాత్రం కథంతా విని, ముఖం గోడ వైపు తిప్పుకుని చాలాసేపు నవ్వాడు. పొద్దున్నే, "పద, మళ్లీ అడుగుదాం" అన్నాడు. మస్తాన్ సార్ కూడా మాట సాయం చేశాడు. తర్వాతి బ్యాచ్‌తో పాటు నన్నూ పరీక్షకు పిలిచారు. అదే సుధాకర్ గారు. ఈసారి నేను తలుపు మూసి, గడియ పెట్టి, తాళం వేసేదాకా ఆయన పది గజాల దూరంలో నిలబడ్డారు. ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు గూడూరులో కొత్తగా నేర్చుకునే వాళ్లకు మస్తాన్ సార్ ఒక పాఠం ఎక్కువ చెప్తున్నాడు. తలుపు మూసే ముందు లోపలికి తల పెట్టి "ఎవురన్నా ఉండారా?" అని కేకెయ్యాలి. దానికి నా పేరే పెట్టాడు. మొన్న కోట ఊళ్లో ఒక వీధిలో నేనలా కేకేస్తే, పక్కింటి అరుగు మీది ముసలాయన "ఉండాం తల్లీ, రా, కాఫీ తాగి పో" అన్నాడు. వెళ్లి తాగాను.

కాబట్టి పాఠకులందరి ఎదుట, నా స్టీరింగు సాక్షిగా, నాలుగు టైర్లూ, అదనంగా మోసే స్టెప్నీ టైరూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఊపిరి పీల్చే ఏ మనిషినీ, ఆయన ఎంత పెద్ద ఆఫీసరైనా, ఎంత కుదురుగా డబ్బాల మధ్య సర్దుకుని ఉన్నా, ఒంటి మీద అడ్రసు చీటీ అంటించకుండా ఏ ఊరికీ చేరవేయను.